వదిన కారుకి రెండు బుష్‌లు

పావునూలు అన్న పేరు అతనికి లేత్ మిషన్ దగ్గర పుట్టింది. మిషన్ షాపుల్లో నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఏ ముక్క చేతికిచ్చినా వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, "పావునూలు తేడా ఉందే" అని పెదవి విరిచి మళ్లీ మిషన్ ఎక్కించేవాడు. నిజానికి అతను పట్టేవి అంతకన్నా ఎంతో సన్నని తేడాలు. పేరు పెట్టేవాళ్లకి లెక్కలతో పనేముంది? అసలు పేరు హాజరు పట్టీలో ఉండిపోయింది, పావునూలు మనిషికి అంటుకుంది.

రిటైరై మూడు నెలలైంది. ఒక బుధవారం పొద్దున అన్న కూతురు ఫోన్ చేసింది. ఆమెకి మందుల షాపుంది. ఫోన్‌లో కూడా చీటీ చదువుతున్నట్టే మాట్లాడుతుంది.

"బాబాయ్, అమ్మ కారు అమ్మేస్తున్నాం. ఆదివారం కొనేవాళ్లు వస్తున్నారు. ఈలోగా నువ్వొచ్చి ఒకసారి చూసి పెట్టు. వాళ్ల ముందు స్టార్ట్ అవకపోతే పరువు పోతుంది."

"అమ్మడమేంటే? మరి మీ అమ్మ దేన్లో తిరుగుతుంది?"

అవతల ఎవరికో చిల్లర ఇచ్చి పంపి మళ్లీ ఫోన్ అందుకుంది.

"అమ్మ ఇంక నడపదు బాబాయ్. నీకు చెప్పొద్దంది. నెల క్రితం షెడ్డులోంచి ముందుకి తియ్యబోయి వెనక్కి పోనిచ్చి, వెనకింటాయన గోడని గుద్దేసింది. ఎవరికీ ఏం కాలేదులే. లైటు పగిలింది, నాలుగు ఇటుకలు రాలాయి. కానీ ముందుకీ వెనక్కీ తేడా తెలియలేదంటే... డెబ్భై వచ్చాయి కదా. నాకు భయమేసింది. తాళాలు తీసేసుకున్నా."

పావునూలు సంచిలో రెండు జతల బట్టలు, తన వెర్నియర్ కొలబద్ద పెట్టుకుని బస్సెక్కాడు. వెర్నియర్ ఎందుకంటే చెప్పలేడు. కొంతమంది కళ్లజోడు లేకుండా గడప దాటరు, అతనికి అది.

దారి రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటలూ వదినే కళ్ల ముందు మెదిలింది.

వదిన ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి అతనికి పదేళ్లు. ఆవిడ నర్సు. ఆసుపత్రిలో కూర్చునే నర్సు కాదు, ఇళ్లకి వెళ్లి పురుళ్లు పోసే నర్సు. అతను ఉద్యోగంలో చేరిన ఏడాదే ఆవిడ లేత నీలం రంగు కారు కొంది. ఆ వీధిలో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడమనిషి ఆవిడే. అన్నయ్యకి డ్రైవింగ్ రాదు, వచ్చే యోగమూ లేదు. సీసా అడుగుల్లాంటి అద్దాలు పెట్టుకున్నా ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో తెలిసేది కాదు ఆయనకి. అయినా దారి చెప్పేది మాత్రం ఆయనే. పక్క సీట్లో కళ్లు మూసుకుని, "ఈ గతుకు రొట్టెల బట్టీ ముందుది. ఇప్పుడు కుడికి తిప్పు" అనేవాడు. ఆయన చెప్పిన మలుపు ఏనాడూ తప్పలేదు.

పావునూలుకి డ్రైవింగ్ నేర్పింది కూడా వదినే. ఆదివారాలు గోదాముల వెనక ఖాళీ స్థలంలో పాఠం. గేరు కర్ర మీద చేతిరుమాలు కప్పేసేది. "కిందికి చూశావో, దిగి నడిచొస్తావు. గేరు కంటితో వేసేది కాదు మరిదీ, అరచేత్తో వేసేది" అనేది. వెనక సీట్లో అన్నయ్య పేపరు ముక్కుకి ఆనించుకుని, కారు కుదిపినప్పుడల్లా, "వీడు నడుపుతున్నది కారునా, కప్పనా?" అనేవాడు. ఆ మాటకి వదిన నవ్వు ఆపుకోలేక తలుపుకి ఆనుకునేది. అన్నయ్య పోయి ఆరేళ్లైంది.

ఎప్పుడొచ్చినా అతను చెప్పులు విప్పేలోగా వదిన రెండు చురకలు వేసేది. "బస్సువాడు దింపేశాడా, నువ్వే దిగావా?" లాంటివి. ఈసారి తలుపు తీసి, "వచ్చావా, కూర్చో" అని మాత్రం అంది. మనిషి చిక్కింది. జుట్టు మాత్రం ఎప్పటిలా బిగించి ముడేసుకుంది. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి కట్టేసి వచ్చి, మళ్లీ వెనక్కెళ్లి కట్టేసిందో లేదో చూసుకుంది. టీ కప్పు అతని చేతికిచ్చాక ఇంకోసారి వెళ్లి చూసుకుంది.

ఆవిడ కళ్లజోడు పెట్టె తెరవబోతుంటే అందులోంచి మడిచిన కాగితం ఒకటి జారిపడింది. పావునూలు వంగి తీశాడు. వదిన గుండ్రటి చేతిరాత. ఒకటి, ఎడమకి పైకి. రెండు, ఎడమకి కిందికి. మూడు, మధ్యన పైకి. కింద వరసగా గీతలు, నాడి లెక్కపెట్టి వేసుకున్నట్టు.

"ఏంటి వదినా ఇది?"

ఆవిడ చటుక్కున లాక్కుంది. తర్వాత లాక్కున్నందుకు సిగ్గుపడ్డట్టు మళ్లీ బల్ల మీద పెట్టింది.

"పొద్దున్నే లేచి గేర్ల వరస చూడకుండా రాసుకుంటున్నా. రోజూ కరెక్టుగానే వస్తోంది. తల గుర్తుపెట్టుకుంటోంది, చెయ్యే మర్చిపోయింది. ఆ రోజు నేను ఒకటో గేరే వేశాను మరిదీ, ఒట్టు. కారు వెనక్కి పోయింది. నాకు తెలీకుండా నా చెయ్యి ఇంకో పని చేస్తోందంటే, ఇంక దేన్ని నమ్మమంటావు? ఈ చేతుల్తో ఎంతమంది పిల్లల్ని పట్టుకున్నాను! ఇప్పుడు సూదిలోకి దారం ఎక్కించాలన్నా భయమేస్తోంది."

పావునూలుకి "వయసు రాలేదా ఏంటి" అని ఎవరన్నా అనే మాటే నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. టీ తాగి కప్పు పెట్టేసి, కారు కడుగుతానని బయటికెళ్లాడు. అన్న కూతురు తాళాలు పక్కింట్లో ఇచ్చి ఉంచింది.

కారు షెడ్డులో దుమ్ము పట్టి ఉంది. కూర్చుని గేరు కర్ర మీద చెయ్యి వేశాడు. వెయ్యగానే చెయ్యి ఆగిపోయింది. కర్ర ఊడబోయే పన్నులా అన్ని వైపులా ఊగుతోంది. ఆ కారులో రివర్స్ ఒకటో గేరు పక్కనే ఉంటుంది. ఇంకాస్త ఎడమకి నెట్టి పైకి వెయ్యాలి. రెండింటికీ మధ్య తేడా బొటనవేలంత. స్టార్ట్ చేసి, ఒకటో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలాడు. కారు వెనక్కి కదిలింది.

గభాల్న బ్రేకు తొక్కాడు. మళ్లీ వేశాడు, ముందుకెళ్లింది. మళ్లీ వేశాడు, వెనక్కి. ఇంకో రెండుసార్లు ముందుకి. ముప్పై నాలుగేళ్లు లేత్ మీద ఆడిన చెయ్యి అది. దానికే అయిదింటికి రెండుసార్లు తప్పింది.

ఇంజిన్ ఆపేశాడు. ఆపాక గుర్తొచ్చింది, నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు వదిన అతన్ని గేటు దాకా సాగనంపుతూ, "ఈ గేరు కాస్త లూజైనట్టుందయ్యా, ఓసారి చూడు" అంది. బస్సుకి టైమైపోయింది. "వచ్చేసారి చూస్తాలే వదినా, ఏం కాదు" అన్నాడు. తర్వాత రెండుసార్లు వచ్చాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. ఏ మాటా రెండోసారి అడిగే మనిషి కాదు. నాలుగేళ్లు ఆ ఊగులాటకి తగ్గట్టు చెయ్యి సర్దుకుంటూ నడిపింది. ఇంక సర్దుకోవడానికి ఏమీ మిగలని రోజున గోడ తగిలింది.

ఆ సాయంత్రం అతను సరిగ్గా తినలేదు. వదిన కూడా అడగలేదు.

మర్నాడు పొద్దున్నే జాకీ పెట్టి కారు ముందు భాగం ఎత్తాడు. కింద చెక్క మొద్దులు సర్ది, వెనక చక్రాలకి అటూ ఇటూ ఇటుకలు అడ్డం పెట్టి, వదినని పిలిచాడు.

"వచ్చి సీట్లో కూర్చో వదినా."

"నన్ను కూర్చోబెట్టకయ్యా. నీకు పుణ్యముంటుంది."

"ఇంజిన్ ఆపేసే ఉంది. నువ్వు గేరు వేస్తే చాలు. నేను కింద పడుకుని చూస్తా."

"నువ్వు కిందుంటే అసలే వద్దు!"

"నా ప్రాణం మీద నాకూ తీపి ఉంది వదినా. నమ్మకం లేకపోతే కింద దూరతానా?"

ఆవిడ చక్రాలకి అడ్డం పెట్టిన ఇటుకల్ని ఒకటొకటిగా కాలితో నొక్కి చూసి, చివరికి ఎక్కింది. అతను గోనెపట్టా పరుచుకుని, టార్చి పట్టుకుని కారు కిందికి దూరాడు.

"ఒకటి వెయ్యి."

పైనుంచి కర్ర కదిలింది. కర్ర అడుగు కొస, వదిన చెయ్యి నెట్టినదానికి తగ్గట్టే సూటిగా కదిలింది. కానీ ఆ కొసకీ, గేరుబాక్సుకి వెళ్లే రాడ్డుకీ మధ్య చిన్న గొట్టంలాంటి నైలాన్ బుష్ ఉండాలి. అది లేదు. ఉండాల్సిన చోట నల్లటి సందు. కర్ర ఆ సందంతా ఊరికే తిరిగి, తర్వాతే రాడ్డుకి తగిలి, వంకరగా తోస్తోంది.

"తీసెయ్యి. మళ్లీ ఒకటి."

పదిసార్లు వేయించాడు. పదిసార్లూ వదిన చెయ్యి ఒక్క చోటికే వచ్చింది, గీత గీసినట్టు. రాడ్డు మాత్రం ఒక్కోసారి ఒక్కో వైపు పోయింది. కింద వెల్లకిలా పడుకున్న పావునూలు కళ్లు తుడుచుకోబోయి మొహమంతా గ్రీజు పూసుకున్నాడు.

పానాతో బోల్టు విప్పేసరికి మిగిలిన బుష్ పొడిపొడిగా రాలింది, పాత సబ్బుబిళ్ల చిదిమినట్టు. గేరుబాక్సు వైపు ఇంకోటి ఉంటుంది. అదీ అంతే. ఆ ముక్కలన్నీ గుప్పిట్లో పోసుకుని బయటికొచ్చి, వదిన అరచేతిలో పోశాడు.

"ఏంటివి?"

"గేరు బుష్‌లు. కర్రనీ రాడ్డునీ గట్టిగా పట్టుకునేవి ఇవే. ఇవి పోతే నువ్వు ఒకటి వేసినా దానికి ఏది తోస్తే అది పడుతుంది. నీ చెయ్యి తప్పలేదు వదినా. పదిసార్లు చూశా. ఒక్కసారి కూడా తప్పలేదు."

వదిన ఒక ముక్కని వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసింది. అతను అక్కడితో ఆపేసి ఉండొచ్చు. ఆపలేకపోయాడు.

"నాలుగేళ్ల క్రితం నువ్వు చెప్పావు, లూజైందని. నేనే చూస్తాలే అని చూడలేదు."

ఆవిడ తలెత్తింది. "గుర్తుందా నీకు?"

"నిన్న గుర్తొచ్చింది."

"నెల రోజులు!" అంది వదిన. "నెల రోజులుగా నాకు మతి పోతోందనుకుంటున్నానయ్యా. పొయ్యి ముప్పైసార్లు చూసుకుంటున్నా. పిల్ల మొహం చూడలేకపోతున్నా. నువ్వు... లోకమంతటికీ నూలు తేడా పట్టేవాడివి, వదిన కారుకి పది నిమిషాలు లేకపోయాయా నీకు?"

విసురుగా లోపలికెళ్లి తలుపేసుకుంది. తిట్టు న్యాయంగా తగిలినప్పుడు మనిషికి ఎదురు చెప్పే ఓపిక కూడా ఉండదు.

పావునూలు చేతులు కడుక్కుని, బోల్టూ, బుష్‌లో దూరే పిన్నూ జేబులో వేసుకుని స్పేర్ పార్టుల షాపులకి వెళ్లాడు. మూడు షాపుల వాళ్లూ కారు పేరు విని నవ్వారు. ఆ మోడల్ తయారవడం మానేసి పద్దెనిమిదేళ్లైందట. ఒకాయన, "మ్యూజియంలో అడగండి" అన్నాడు. బస్టాండు వెనక సందులో ఒక లేత్ షాపు కనిపించింది. ఓనరు భారీ మనిషి, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మీ మిషన్ ఒక గంట కావాలండీ. నేనే చేసుకుంటా."

"పరాయివాళ్ల చేతికి మిషన్ ఇవ్వనండి. డ్రాయింగ్ ఇచ్చి రేపు రండి."

లోపల మిషన్ తిరుగుతోంది. పావునూలు తల పక్కకి వంచి విన్నాడు. "ముక్కని పట్టుకునే మూడు దవడల్లో ఒకటి అరిగినట్టుంది. పొడుగు ముక్కలు పట్టినప్పుడు చివర్న ఊగుతోందా?"

ఓనరు కుర్చీలోంచి లేచాడు. "రెండు నెలల్నుంచి చంపుతోందండీ! మోటారనుకుని మోటారు కూడా విప్పించా. మీరెవరండీ?"

ఇంక మిషన్ అడగక్కర్లేకపోయింది. దవడ కింద రేకుముక్క పెట్టి ఊగులాట సరిచేసి, పావునూలు తన పనిలో పడ్డాడు. అసలు చిక్కు పిన్నుతో. వెర్నియర్ పెట్టి చూస్తే ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ, కోడిగుడ్డులా అరిగిపోయింది. షాపులో కొత్త బుష్ దొరికి ఉన్నా దీని మీద మళ్లీ ఊగేది. పిన్నుని పలచగా చెక్కి గుండ్రం చేశాడు. దాని కొత్త కొలతకి సరిపడా నైలాన్ రాడ్డుని తొలిచాడు. తెల్లటి పొట్టు పొడుగ్గా మెలికలు తిరుగుతూ పాదాల మీద పడింది. రెండు బుష్‌లు. మొదటిదాన్ని వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, పక్కన పడేసి మళ్లీ చేశాడు.

"బాగానే ఉంది కదండీ అది?" అన్నాడు ఓనరు.

"బాగానే ఉంది. ఈ కారుకి బాగానే ఉంటే చాలదు."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వదిన అన్నం పెట్టింది కానీ మాట్లాడలేదు. పడుకోబోయే ముందు మాత్రం, "దొరికాయా?" అంది. "చేశా" అన్నాడు. "ఊఁ" అని దీపం ఆర్పేసింది.

శుక్రవారం పొద్దున అతను గోనెపట్టా పరుస్తుంటే టార్చి తీసుకుని వదినే వచ్చింది.

"కొత్త బుష్ బిగుతుగా ఉంటుంది వదినా. వేణ్నీళ్లలో వేస్తే కాస్త సాగుతుంది. ఏదైనా గిన్నె..."

వదిన లోపలికెళ్లి, అటక మీది పెట్టె దింపించి, అందులోంచి మూత ఉన్న పొడుగాటి స్టీలు గిన్నె తీసింది. సిరంజీలు మరిగించే గిన్నె. పక్కనే పట్టకారు. నీళ్లు మరిగాక బుష్‌లు అందులో వేసి గడియారం చూసింది.

"ఎన్ని నిమిషాలు?"

"మూడు చాలు."

"సిరంజీలకి ఇరవై పెట్టేదాన్ని" అంది. నెల రోజుల్లో ఆవిడ మొహంలో మొదటిసారి పాత వెలుగు తోచింది.

ఆ తర్వాత పని పురుడు పోసినట్టే సాగింది. అతను కారు కింద, ఆవిడ పైన మోకాళ్ల మీద. పట్టకారుతో బుష్ అందించింది, గ్రీజు డబ్బా మూత తీసి అందించింది, అడక్కముందే పానా అందించింది. "పన్నెండు నంబరు కాదా?" "పన్నెండే." "మరి చెయ్యి చాచవేం?" బుష్ గూట్లోకి దిగినప్పుడు చిన్న చప్పుడు వచ్చింది, చిటిక వేసినట్టు. పిన్ను బుష్‌లోకి జారింది. ఊగలేదు. పావునూలు దాన్ని వేళ్లతో అటూ ఇటూ కదిపి చూసి, ఎవరూ చూడకుండా నవ్వుకున్నాడు.

కారు దింపాక తాళాలు ఆవిడ చేతిలో పెట్టాడు. ఈసారి వద్దనలేదు.

ఒకటో గేరు టక్కున పడింది. వదిన ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. "కొత్తప్పుడు ఇలాగే ఉండేది" అంది మెల్లగా. కారు ముందుకి కదిలి గేటు దాటింది. రెండో గేరు మాత్రం గరగరమంది. నాలుగేళ్లుగా లూజు కర్రకి అలవాటుపడ్డ చెయ్యి, అవసరమైనదాని కన్నా ఎక్కువ దూరం లాగుతోంది. వీధి చివరికి వచ్చేసరికి చెయ్యి తన పాత దారి తను పట్టేసింది. పావునూలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అడక్కుండానే వదిన పాత వీధులన్నీ తిప్పింది.

"ఈ మేడ లేదప్పుడు, రేకుల ఇల్లుండేది. ఇక్కడ కవలలు. రెండోవాడు బయటికొచ్చే టైముకి వాన మబ్బు పట్టి ఇల్లంతా చీకటైపోయింది, కరెంటు లేదు. మీ అన్నయ్యని కారు లైట్లు కిటికీలోకి వెయ్యమని అరిచా. ఆయన లైటు మీట అనుకుని హారన్ నొక్కేశాడు. ఆ మోతకి పిల్లాడు ఉలిక్కిపడి కేరుమన్నాడు. మేం ఆ ఏడుపు కోసమే చూస్తున్నాం మరిదీ! పుట్టి నిమిషమైనా ఊపిరి తీసుకోలేదు వాడు. ఆ తర్వాత మీ అన్నయ్య ఊరంతా చెప్పుకున్నాడు, ఆ పురుడు నేనే పోశానని."

ఇద్దరూ నవ్వారు. మూడో గేరు, నాలుగో గేరు మెత్తగా పడ్డాయి.

కారు మందుల షాపు ముందు ఆగింది. లోపల కౌంటరు వెనక నిలబడ్డ కూతురు తలెత్తి, డ్రైవర్ సీట్లోంచి దిగుతున్న తల్లిని చూసి, చేతిలో సీసా అలాగే పట్టుకుని గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా! నువ్వెందుకు... బాబాయ్, నీకైనా ఉండక్కర్లా?"

వదిన లోపలికొచ్చి, పమిట కొంగు ముడి విప్పి, నల్లటి ముక్కలన్నీ కౌంటరు మీద పోసింది. "ఇదిగోనే నా మతిమరుపు. పొట్లం కట్టివ్వు."

పావునూలు జరిగింది చెప్పాడు. తన తప్పు కూడా దాచలేదు. విన్నంతసేపూ పిల్ల ఆ ముక్కల్ని వేలితో కదుపుతూనే ఉంది.

"నువ్వే అన్నావు కదమ్మా, నా చేతికేదో అయిందని. నేను నమ్మేశాను."

"నేనూ నమ్మాగా" అంది తల్లి. "ఇద్దరిలో ఒకళ్లం నమ్మకుండా ఉండాల్సింది."

పిల్ల కౌంటరు దాటి వచ్చి తల్లిని పట్టుకుంది. మందులు కొనడానికి వచ్చిన ఒక పెద్దాయన మర్యాదగా వెనక్కి తిరిగి, దగ్గు మందుల అరకేసి చూస్తూ నిలబడ్డాడు.

కొనేవాళ్లకి ఆ సాయంత్రమే ఫోన్ చేసి వద్దన్నారు. ఆదివారం భోజనాలయ్యాక వదిన తాళాలు తీసుకొచ్చి కూతురి ముందు పెట్టింది.

"ఇవాళ కాకపోతే ఇంకో మూడేళ్లకో అయిదేళ్లకో నా చెయ్యి నిజంగానే తప్పుతుంది. అప్పుడు నువ్వు లాక్కోనక్కర్లేదు, నేనే ఇస్తా. కానీ నీకు డ్రైవింగ్ రాదుగా. ఇచ్చి ఏం లాభం?"

"నాకొద్దమ్మా. నలభై ఏళ్లొచ్చాక నేర్చుకోవడమేంటి?" అంది పిల్ల. పద్దెనిమిదేళ్లప్పుడు నాలుగు రోడ్ల మధ్య కారు ఆగిపోతే, వెనక అందరూ హారన్లు కొడుతుంటే, తలుపు కూడా వెయ్యకుండా దిగి ఇంటికి నడిచొచ్చేసిన పిల్ల అది. ఆ తర్వాత స్టీరింగ్ ముట్టుకోలేదు.

"ఆ రోజు నేను నిన్ను తిట్టా" అంది వదిన. "తిట్టాల్సింది కాదు. ఇన్నాళ్లూ ఆ మాట చెప్పలేదు నీకు. పద."

ఆ మాటతోనే పిల్ల లేచింది.

స్కూలు గ్రౌండు ఖాళీగా ఉంది. పిల్ల డ్రైవర్ సీట్లో, తల్లి పక్కన. పావునూలు దిగి గ్రౌండు మధ్యలో నిలబడ్డాడు, ఎటు తిప్పాలో చెయ్యి చూపించడానికి. కారు నాలుగుసార్లు ఆగిపోయింది. నాలుగుసార్లూ లోపలినుంచి వదిన గొంతు, "పర్లేదు. మళ్లీ" అని మాత్రం వినిపించింది. అయిదోసారి కారు కదిలింది. కొంచెం దూరం వెళ్లాక గేరు మారిన చప్పుడు విన్నాడు. టక్. శుభ్రంగా పడింది, రెండు. అతను ఆ చప్పుడుకి మురిసిపోతూ అక్కడే నిలబడిపోయాడు.

"బాబాయ్!" అని కిటికీలోంచి కేక. "జరుగు! ఆపడం ఇంకా నేర్పలేదు!"

పావునూలు లుంగీ ఎగ్గట్టి గోడ వైపు పరిగెత్తాడు. లేత నీలం కారు అతను నిలబడ్డ చోటు దాటి, గోల్ పోస్టుని తప్పించుకుని, గ్రౌండు చుట్టూ ఇంకో రౌండు మొదలుపెట్టింది.